నీళ్లల్లో దుడ్లు

ఆదోనిలో మా ఇంట్లో ఇనప బీరువా మీద ఒక ఊరగాయ సీసా ఉండేది. అందులో ఊరగాయ లేదు. లారీ బ్యాటరీలు బాగుచేసే దుకాణం నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ పోసి, మూడు నల్లటి వెండి నాణేలు వేసి పెట్టారు మా ఆయన. ప్రతి ఆదివారం ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోసేవారు. సముద్రం అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న వెండిలోకి ఉప్పు దిగి ఉంటుందట. అది మెల్లగా నీళ్లలోకి వచ్చేయాలట. తొందరపడి ఎండలో ఆరబెడితే నాణెం పొరలు పొరలుగా లేచిపోతుందట. ఇవన్నీ ఆయన నాకు ఓపిగ్గా చెప్పారు. నేనూ డిగ్రీ చదివినదాన్నే, వింటే అర్థమయింది. అయినా దుమ్ము దులిపేటప్పుడు ఆ సీసాను పక్కకు జరపాలంటే చెయ్యి వెనక్కి వచ్చేది. మునిగిన ఓడలోవి అంటే, మునిగినవాళ్లవి అని కదా అర్థం.

ఆయనది పత్తి మిల్లులో పత్తి చూసే ఉద్యోగం. రైతు తెచ్చిన బోరెం సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమధ్య నుంచి పత్తి పీకి, వేళ్లతో సాగదీసి చూస్తారు. పైన తెల్లటిది పరిచి లోపల తడిసింది కూరడం మా వైపు కొత్తేమీ కాదు. ఆ పనిలో ఉండి ఉండి ఆయనకు దేన్నీ పైపైన చూసి నమ్మే అలవాటు పోయింది. చిన్నప్పటి నుంచి నాణేలు పోగుచేసేవారు. కరిగించడానికి వెండి అంగళ్లకు వచ్చే పాత సొమ్ములోంచి నవాబుల కాలంవీ, కంపెనీ కాలంవీ ఏరి తెచ్చుకున్న నాణేలు ఒక టేకు పెట్టె నిండా ఉండేవి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పెట్టె చూసి ముచ్చటపడ్డాను కూడా. ఊరివాళ్ల చేతుల్లో అరిగిన నాణేలు. వాటిని చూస్తే భయం వేయలేదు.

ఆ పెట్టె మొత్తం ఇచ్చి ఈ మూడూ తీసుకున్నారు, మద్రాసు నుంచి వచ్చే ఒకాయన దగ్గర.

ఆ మద్రాసాయన పత్తి గింజల బేరం మీద మిల్లుకు వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఓడలో పనిచేసే బావమరిది ఉన్నాడని, మునిగిన ఓడలోంచి ఈతగాళ్లు తీసిన నాణేలు అతని ద్వారా తనకు వస్తాయని చెప్పాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఓడ ఆఫ్రికా దగ్గర మునిగిందన్నాడు. రెండోసారి మా ఇంట్లో కాఫీ తాగుతూ సిలోను దగ్గర అన్నాడు.

"పోయినసారి ఆఫ్రికా అన్నారు కదండీ" అన్నాను, గ్లాసు తీసుకుంటూ.

"సముద్రమంతా ఒకటే కదమ్మా!" అని నవ్వాడు.

మా ఆయన కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అతను వెళ్లాక, "అది దొంగసొత్తేమో, కనీసం దొంగనాణేమో" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఇలాంటి అనుమానాలంటే ఆయనకు ఇష్టమే. మర్నాడు నాణేలు తీసుకుని వెండి అంగడికి పోయారు. అక్కడ ఒకదాన్ని రాతి మీద వేస్తే ఖంగుమనలేదట. మూడింటిలో గుండ్రంగా ఉన్నదాన్ని తరాజులో వేస్తే, రెండు తులాలకు పైనే ఉండాల్సింది, రెండు కూడా తూగలేదట. "ఇది వెండి కాదు, ఎవరో నిన్ను ముంచినారు" అన్నాడట అంగడి షావుకారు. ఆయన మాత్రం పరీక్ష పాసైన పిల్లవాడిలా ఇంటికి వచ్చారు.

"మోగలేదంటే లోపల ఉప్పు తిన్నట్టు. తూకం తగ్గిందంటే సముద్రం తిన్నట్టు. దొంగనాణెం చేసేవాడు నిండు తూకంతో, మంచి మోతతో చేస్తాడు. నష్టానికి ఎవరు చేస్తారు?"

నాణేల మీద నా అనుమానం తగ్గింది. ఆ మనిషి మీద తగ్గలేదు.

వాటిలో రెండు నాణేల్లా ఉండేవి కావు. విరిగిన చెక్కిలం ముక్కల్లా మూల మూలకూ వంకర. స్పెయిన్ రాజు ఏలిన అమెరికా దేశాల్లో వెండిని తవ్వి, కడ్డీ పోసి, ముక్కలు కోసి, తూకానికి సరిపోయేదాకా అంచులు కత్తిరించి అచ్చు వేసేవాళ్లట. మీద ఒక సిలువ, సిలువ మూలల్లో సింహాలూ కోటలూ. మూడోది మాత్రం గుండ్రంగా ఉండేది. కింద కెరటాలు, అటూ ఇటూ కిరీటాలు పెట్టుకున్న రెండు స్తంభాలు, వాటి నడుమ ఒకదాన్నొకటి కప్పుకున్న రెండు భూగోళాలు. పాత ప్రపంచం, కొత్త ప్రపంచం అని ఆయన చెప్పారు.

"ఈ వెండి ఎందుకు ఓడెక్కిందో తెలుసా? మీవాళ్ల గుడ్డ కొనడానికి" అని నన్ను ఏడిపించేవారు. మాది ఎమ్మిగనూరు, మా నాన్న మగ్గం మనిషి. "తూర్పు దేశాల గుడ్డలకు అప్పట్లో ఇదే డబ్బు. దారిలో మునిగింది. లేకపోతే మీ ముత్తాతకు చేరేది."

పాపకు అన్నం తినిపించడం పెద్ద యుద్ధం. ఆయన పాపను చంకనెత్తుకుని బీరువా దగ్గరికి తీసుకుపోయేవారు.

"సీసాలో ఏముండాయి?"

"నీళ్లు."

"నీళ్లల్లో ఏముండాయి?"

"దుడ్లు!"

ఆ "దుడ్లు" అన్నప్పుడు నోరు తెరుచుకునేది. అప్పుడు నేను ముద్ద పెట్టేదాన్ని. ప్రతిరోజూ ఇదే పాఠం, పాపకు మూడేళ్లు నిండేదాకా.

మా పాప ఎదురుకాళ్లతో పుట్టింది. మొదట కాళ్లు బయటికి వచ్చాయి. తల రావడానికి పట్టిన ఆ కాసేపటిలో ఆసుపత్రి గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ నిశ్శబ్దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. పిల్ల చేతికి వచ్చాక కూడా ఎవరో తిరిగి తీసుకుంటారేమో అన్న భయం నాతోనే ఇంటికి వచ్చింది. అత్తమ్మ మాత్రం సంబరపడింది. ఎదురుకాళ్ల బిడ్డ నడుము తొక్కితే పట్టు విడుస్తుందని మా వైపు నమ్మకం. పాప నడక నేర్చిన రోజు నుంచి వీధిలో నడుము పట్టినవాళ్లందరూ మా నడవలో చాప మీద బోర్లా పడుకునేవాళ్లు. నేను పాప రెండు చేతులూ పట్టుకుని వాళ్ల నడుము మీద నడిపించేదాన్ని. లేచిపోయేటప్పుడు ఒకరు అరటిపండు, ఒకరు బెల్లంముక్క ఇచ్చేవాళ్లు. అది నాకు బాగుండేది. నన్ను అంత భయపెట్టిన కాళ్లు నలుగురికి పనికొస్తున్నాయని అనిపించేది.

ఒక ఆదివారం ఎదురింటి పెద్దమ్మ నడుము పట్టుకుని వచ్చింది. ఆ సమయానికి మా ఆయన నడవలో కూర్చుని సీసా నీళ్లు మారుస్తున్నారు. మూడు నాణేలూ తడిగుడ్డ మీద ఉన్నాయి.

"ఏంది నాయనా అవి?"

"పాత దుడ్లు పెద్దమ్మా."

"యాడ దొరికినాయి?"

"సముద్రంలో."

పెద్దమ్మ నడుము నొప్పి మర్చిపోయి నవ్వింది. "ఆదోనిలో సముద్రమా? ఈడ బిందెడు తాగేనీళ్లకు కొట్టుకుసస్తాంటే!" గుండ్రటి నాణెం చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పింది. నవ్వు ఆగిపోయింది. "గుడి స్తంభాలు. కింద నీళ్లు. నడుమ బిందెలు. ఒగదానికొగటి లంకె ఏసిన రెండు బిందెలు."

"అవి బిందెలు కాదు పెద్దమ్మా, భూగోళాలు" అన్నాను నేను.

"నాకు కండ్లు లేవా కోడలా? లంకెబిందెలు. పైన మూత కూడా ఉండాది."

అది రెండు గోళాల మీద ఉన్న కిరీటం. నేను మళ్లీ చూశాను. నిజం చెప్పాలంటే, ఆమె చెప్పాక నాకూ బిందెల్లాగే కనిపించాయి.

"నీళ్లల్లో ఎందుకు పెట్టినారు?"

"ఉప్పు దిగిపోవాలని" అన్నారు మా ఆయన.

"అవ్ అవ్. ఉప్పు" అంది పెద్దమ్మ. "మా అవ్వ సెప్పేది, భూమిలో దొరికిన సొమ్మును శాంతి చేసేదాకా నీళ్లల్లోనే పెట్టల్లని. జొన్నగిరిలో బంగారం కోసం జనాలు మట్టి జల్లెడ పడతాండారు. మీకు ఇంట్లోకే నడిచి వచ్చింది. ఎదురుకాళ్ల బిడ్డను కన్నావు, ఊరికేనా!"

చాప మీద పడుకోకుండానే వెళ్లిపోయింది. పాప కాళ్ల వైపు ఒకసారి చూసి వెళ్లింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు భూమిలో దాచిన నిధి కనిపిస్తుందని ఇంకో నమ్మకం కూడా ఉందని అత్తమ్మ చెప్పే వరకూ నాకు తెలియదు. చదువుకున్నదాన్ని కదా, తెలియకపోవడం అప్పటిదాకా గొప్పగానే ఉండేది.

ఆ తర్వాత మా వీధిలో నడుము నొప్పులు పెరిగిపోయాయి. తెలియనివాళ్లు రావడం మొదలుపెట్టారు. చాప మీద పడుకుని తల పక్కకు తిప్పి గోడలు, అటకలు, బీరువా చూసేవాళ్లు. "పాప రాత్రిపూట ఏమన్నా కలవరిస్తాదా?" అని ఒకామె అడిగింది. "ఇంటెనక ఆ గుంత ఎప్పుడు తవ్వినారు?" అని ఇంకొకాయన. అది అంట్ల నీళ్ల గుంత.

ఎవరి నొప్పి నిజమో, ఎవరిది అబద్ధమో తెలుసుకోవడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు ఎట్లా నడిచారో చూడను, అది ఎవరైనా నటిస్తారు. చాప మీద నుంచి ఎట్లా లేస్తారో చూస్తాను. నిజంగా నడుము పోయినవాళ్లు పక్కకు దొర్లి, ఒక మోకాలు ఆనించి, గోడ పట్టుకుని లేస్తారు. పక్క ఊరి నుంచి వచ్చానన్న ఒకాయన వచ్చేటప్పుడు ఇద్దరి భుజాల మీద వచ్చాడు. పాప తొక్కాక ఒక్క ఊపున లేచి, బయట సైకిలెక్కి, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ పోయాడు.

"చూసినావా, మన పాప కాళ్ల మహిమ!" అంది అత్తమ్మ.

"మహిమ కాదత్తమ్మా, ఆయనకు నొప్పే లేదు."

"నీకు అందరూ దొంగలే."

ఇంక ఎవరూ రావద్దని తలుపు వేస్తే, లోపల ఏదో చేస్తున్నారని అన్నారు. తీస్తే మనుషులు వస్తున్నారు. మా ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. దాచిపెట్టడం వల్లే ఇదంతా, అందరికీ చూపిస్తే సరిపోతుందన్నారు. తను చదివిన బడికి మూడు నాణేలూ తీసుకుపోయి అద్దాల అలమరలో పెట్టించారు. 'స్పెయిన్ దేశపు వెండి నాణేలు, సముద్రంలో మునిగిన ఓడ నుంచి తీసినవి' అని మంచి దస్తూరీతో రాసిన చీటీ పక్కన పెట్టారు. పిల్లలకు ఓడల గురించి చెప్పారు. జనం కూడా వచ్చి చూశారు.

మర్నాడు కూరగాయల దగ్గర నా వెనక నిలబడ్డవాళ్లు అనుకుంటుంటే విన్నాను. "సూపించేటివి మూడు. ఇంట్లో దాపెట్టినేవి ఎన్నో!" "అద్దంలో పెట్టి సూపెట్టినాడంటే, ఇంగ ఆయప్పకు భయం లేదన్నట్టే గదా." నేను బెండకాయలు తీసుకోకుండానే వచ్చేశాను.

కొన్నాళ్లకు అలమర తాళం చుట్టూ గీతలు కనిపించాయి. హెడ్మాస్టరు మా ఆయనను పిలిపించి, "మాకొద్దప్పా ఈ కాపలా. నీ సముద్రాన్ని నువ్వు తీసుకొనిపో" అన్నాడు. నాణేలు మళ్లీ సీసాలోకి, సీసా మళ్లీ బీరువా మీదికి వచ్చాయి.

అప్పటి నుంచి పాప నా కంటి ముందు నుంచి కదిలితే నా ప్రాణం కదిలేది. చెట్టు కింద ఆడుకోవడానికి పంపలేదు. స్నానానికి పోతే తలుపు ఓరగా పెట్టి పాటలు పాడమనేదాన్ని, గొంతు వినబడుతుండాలని. నిధుల కోసం పసిబిడ్డలను ఏంచేశారో ఈ ప్రాంతంలో ఎవరూ గట్టిగా చెప్పరు. అలాగని వినని ఆడమనిషీ ఉండదు. మా ఆయనతో అంటే, "అవన్నీ కట్టుకథలు" అన్నారు. కట్టుకథలే అయ్యుండొచ్చు. కానీ వాటిని నమ్మి వచ్చేవాళ్లు కట్టుకథలు కాదు కదా.

ఒక రోజు కిరసనాయిలు పోస్తున్నారంటే పాపను అత్తమ్మ దగ్గర వదిలి డబ్బా తీసుకుని పోయాను. వరస ఎంతకూ కదలక ఆలస్యమయింది. తిరిగి వచ్చేసరికి పాప నడవలో కూర్చుని బొమ్మతో ఆడుకుంటోంది. అత్తమ్మ పక్కనే కూర్చుని జొన్నల్లో రాళ్లు ఏరుతోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాపను ఎత్తుకున్నాను. కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా ఉంది.

ముందు నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ నాణేలు పాప చేతికి ఇచ్చి ఉంటారని, ఆ నలుపే అంటుకుందని, వేలు నోట్లో పెట్టుకుంటే ఏం గతి అని. సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగాను.

"నేను సీసా మూత తియ్యలేదు" అన్నారు ఆయన.

"మరి ఈ నలుపు?"

ఆయన వేలు పట్టుకుని చూశారు. బీరువా మీద నుంచి సీసా దించి, ఒక నాణెం తీసి, తడిగుడ్డతో గట్టిగా రుద్దారు. గుడ్డ తెల్లగానే ఉంది. "వెండి నలుపు అంటుకోదు. గీకితే తప్ప రాదు" అన్నారు. నేను నా కొంగుతో పాప గోరు తుడిచాను. నలుపంతా కొంగుకు వచ్చేసింది. వాసన చూస్తే ఆముదం.

దీపం మసిని ఆముదంలో కలిపి గోటికి పూసి, అందులో చూడమనడాన్ని అంజనం అంటారు. పోయిన వస్తువు, దాచిన సొమ్ము ఎక్కడుందో పసిపిల్లలకు అందులో కనిపిస్తుందంటారు. ఎదురుకాళ్ల పిల్ల అయితే ఇంకా బాగా కనిపిస్తుందట.

ఆయన నడవలోకి వచ్చారు. "అమ్మా, పాపకు అంజనం పెట్టించినావా?"

అత్తమ్మ చాట పక్కన పెట్టలేదు. "నేను పెట్టించలే. ఆయప్ప పెట్టినాడు."

"ఏ ఆయప్ప?"

"ఎదురింటి ఆమె పిలిపించింది. కోసిగి ఆయప్ప."

"పెద్దమ్మ నాతో ఆలూరాయన అని చెప్పింది" అన్నాను నేను. నిజంగానే ముందు రోజు గుమ్మంలో నిలబడి ఎవరో పెద్దాయన ఆలూరు నుంచి వాళ్ల ఇంటికి వస్తున్నాడని చెప్పింది. ఊరే రెండు రకాలుగా చెప్పిన మనిషి చేతిలో నా బిడ్డ చెయ్యి పెట్టారు.

"ఏ ఊరైతే ఏం? నేను పక్కనే ఉంటి. నా మనవరాలిని ఒంటిగా ఇడుస్తానా?"

"ఏం అడిగినాడమ్మా వాడు?" అన్నారు ఆయన.

"ఏం కనపడతాంది పాపా అన్నాడు. నీళ్లు అనె. నీళ్లల్లో ఏముండాయి అన్నాడు. దుడ్లు అనె." అత్తమ్మ అప్పుడు చాట కింద పెట్టి కొడుకు మొహంలోకి చూసింది. "మూడేండ్ల బిడ్డకు అబద్ధం యాడ తెలుస్తాదిరా?"

ఆయన గడప మీద కూలబడ్డారు. "అమ్మా, అది మన సీసా. అన్నం తినేటప్పుడు రోజూ నేనే నేర్పించినా!"

"సీసా అయితే, నీళ్లల్లో ఏముండాయని అడగల్లని ఆయప్పకు ఎట్ల తెలుస్తాది?"

ఆయన తలెత్తి నా వైపు చూశారు. నీళ్లు అంటే ఎవరైనా అడిగే రెండో ప్రశ్న అదే కదా అని తర్వాత తోచింది. కానీ ఆ క్షణంలో నేను కూడా పాప గోటి వైపే చూశాను.

"నువ్వు నా కడుపున పుట్టినోడివి" అంది అత్తమ్మ. "ఇంట్లో సొమ్ము తెచ్చి నీళ్లల్లో పెట్టుకొని, సముద్రమని, ఓడని నాకు కూడా కథలు సెప్తాంటే నేనేమనుకోవల్ల? నాకు సెప్పరాదని పెండ్లాం నేర్పించిందనుకుంటి."

అప్పటికి తెలిసింది, నేను ఊరందరినీ అనుమానిస్తుంటే, ఇంట్లో ఆమె నన్ను అనుమానిస్తూ కూర్చుంది.

"తర్వాత ఏమన్నాడు అత్తమ్మా?" అని అడిగాను.

ఆమె నా వైపు చూడలేదు. "నీళ్లంటే బావి అన్నాడు. కొండ కింద పూడిపోయిన బావి లేదా, దాని కాడికి అమావాస్య నాడు బిడ్డను తోలుకొని రమ్మన్నాడు." కాసేపు ఆగింది. "రానంటి."

ఆ ఆగడం ఎందుకు? రానని చెప్పిందా, ఇప్పుడు మా కోసం చెబుతోందా? ఆమె మనవరాలిని ప్రేమించదని కాదు. పాపకు జ్వరం వస్తే నాకంటే ముందు లేచేది ఆమే. కానీ "చూస్తే ఏం పోతుంది" అనుకునే మనిషి. ఈరోజు గోరు, రేపు బావి.

తెల్లవారి మొదటి బస్సుకు పాపను తీసుకుని ఎమ్మిగనూరు బయలుదేరాను. ఆయన బస్సుస్టాండు దాకా వచ్చారు. "అమావాస్య పోయేదాకా ఉండు" అన్నారు. "ఆ నాణేలు ఇంట్లో ఉన్నంతకాలం రాను" అన్నాను. బస్సు కదిలేదాకా ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆ టేకు పెట్టె ఆయన పదేళ్ల వయసు నుంచి నింపుకున్నది. అది ఇచ్చి తెచ్చుకున్నవి ఇవి. అవునని ఎట్లా అంటారు, కాదని ఎట్లా అంటారు?

బస్సులో నా పక్కన కూర్చున్నామె దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. "ఆదోనిలో ఎదురుకాళ్ల బిడ్డ ఒగతి నిధి సూపించిందంట గదమ్మా. నీళ్ల బావిలో ఉండాదంట. నీకు తెలుసునా?" తెలియదన్నాను. పాప నిద్రపోతోంది. గౌను కిందికి లాగి కాళ్లు కప్పాను. కాళ్లు చూస్తే ఎట్లా పుట్టిందో తెలియదని నాకు తెలుసు. అయినా కప్పాను.

ఎమ్మిగనూరులో మా నాన్న ఏమీ అడగలేదు. అమ్మ పోయినప్పటి నుంచి తమ్ముడి దగ్గర ఉంటూ గుంతమగ్గం మీద ఇంకా కూర్చుంటున్నాడు. "వచ్చినావా, మంచిది" అని పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని నూలు కండెలు చూపించాడు. మగ్గం చప్పుడులో నాకు చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. ఇక్కడ ఎవరి మొహంలోకీ తొంగి చూడాల్సిన పని లేదనిపించింది.

అమావాస్య దాటాక ఆయన వచ్చారు. నేను మంచినీళ్లు ఇస్తూనే అడిగాను, "ఏమయింది?"

"బావిలో మట్టి తీసినారు. ఎవరెవరో. మన పెద్దమ్మ కొడుకు కూడా ఉన్నాడంట. ఏమీ దొరకలేదు."

"అయితే ఇంక అయిపోయినట్టే కదా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "పాప లేకపోవడం వల్ల దొరకలేదంటున్నారు."

తర్వాత ఆయన జేబులోంచి రుమాలు మూట తీశారు. నాణేలు ఆరిపోయి ఉన్నాయి. మద్రాసాయనకు తిరిగి ఇచ్చేస్తున్నానని, అతను పాత పెట్టె వెనక్కి ఇస్తానని వెంటనే ఒప్పుకున్నాడని చెప్పారు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడని నాకు మళ్లీ అనుమానం వచ్చింది. పైకి అనలేదు. మూడూ ఉన్నాయో లేదో మాత్రం చూశాను.

నాన్న మగ్గం గుంతలోంచి చెయ్యి చాచాడు. "ఇట్ల ఇయ్యప్పా, నేనూ సూస్తా."

మా ఆయన మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది. గుండ్రటి నాణెం నాన్న చేతిలో పెట్టి, వెండి ఎక్కడ తవ్వారో, అచ్చు ఎట్లా వేశారో, ఓడ ఎందుకు బయలుదేరిందో అంతా చెప్పారు. నాన్న వింటూ బొటనవేలితో స్తంభాలను తడిమాడు.

"అయితే మన గుడ్డ కొనేకి వస్తాండిన దుడ్లా ఇవి?"

"అవును మామా."

"శానా నిదానంగా వచ్చినాయి కదప్పా. నేసినోళ్లు ఎప్పుడో పాయిరి." నవ్వాడు. మేమూ నవ్వాం. ఇంట్లో ఆ నవ్వు ఎంత బాగుందో చెప్పలేను. నాణెం తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చే ముందు ఇంకోసారి తిప్పి చూశాడు.

ఆ సాయంత్రం నాన్న మగ్గం దిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "పాపా, ఈ తాత నడుము కొంచెం తొక్కుతావా తల్లీ?" అన్నాడు.

మగ్గం మనిషి నడుము, నొప్పి ఉండకుండా ఎట్లా ఉంటుంది? కానీ పాప పుట్టి మూడేళ్లయినా ఆయన ఒక్కసారి కూడా తొక్కమని అడగలేదు. "పసిబిడ్డ, దానితో పనేంది" అనేవాడు. ఈరోజే ఎందుకు అడిగాడు? ఆ ఆలోచన నా తలలోకి రావడమే నాకు సిగ్గుగా అనిపించింది. చాప పరిచాను. పాప చేతులు పట్టుకుని నాన్న నడుము మీద నిలబెట్టాను. పాపకు అలవాటైన పని, మెల్లగా అడుగులు వేసింది.

"ఇంకొంచెం కిందికి... ఆఁ, ఆడ. బంగారు తల్లి." నాన్న కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి కళ్లు మూసుకునే, "ఏం తల్లీ, అంజనంలో నీకు ఏం కనపడిందంట?" అన్నాడు.

మనవరాలితో తాత ఆడే పరాచికం అయ్యుండొచ్చు. బస్సులో ఆమెకు చేరిన కథే నాన్నకూ చేరి, ఊరికే నోట్లోంచి వచ్చిన మాట అయ్యుండొచ్చు. పాప అడుగు ఆపి, నా మొహంలోకి చూసి, అన్నం తినేటప్పటిలా నోరు తెరిచింది.

"నీళ్లు..."

రెండో మాట రాకముందే నేను పాపను ఎత్తేసుకున్నాను.

"అప్పుడే దించితివేం అమ్మా?" అన్నాడు నాన్న, చాప మీద నుంచే.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నాన్న కొంచెంసేపు అట్లాగే బోర్లా పడుకుని ఉన్నాడు, కాళ్లు మళ్లీ వస్తాయేమో అన్నట్టు. తర్వాత పక్కకు దొర్లాడు. ఒక మోకాలు ఆనించాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి నడుము మీద పెట్టుకుని, పళ్లు బిగబట్టి లేచాడు.

నేను కళ్లారా చూశాను. ఆ నొప్పి నిజం. అయినా పాపను చంకలోంచి కిందికి దించలేదు.